దీపం లేని ఊళ్ళు నేర్పిన పదకొండు పాఠాలు

నాకిప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లె బళ్ళలో ముప్పై నాలుగేళ్ళు సోషల్ పాఠం చెప్పాను. ఆదివారం వస్తే సైకిలెక్కి పాటి దిబ్బల మీదికి పోయేవాణ్ణి. ఒక్కోసారి పిల్లల్ని కూడా తీసుకుపోయేవాణ్ణి. పాటి అంటే పాడుపడిన పాత ఊరి చోటు. చూడ్డానికి ఏమీ ఉండదు. కంపచెట్లు, పెంకులు, కూలిన రాళ్ళు, పక్కన ఒక వేపచెట్టు, దాని కింద ఆంజనేయులు.

రెవెన్యూ లెక్కల్లో ఇలాంటి ఊరిని బేచిరాకు గ్రామం అంటారు. అది పారసీ మాట. ‘బే’ అంటే లేని, ‘చిరాగ్’ అంటే దీపం. సర్కారు కాగితాల్లో ఇంత దుఃఖం దాచుకున్న మాట నాకు ఇంకొకటి కనపడలేదు. నేను తిరిగిన పాటి దిబ్బల్లో ఎక్కువ భాగం, 1565లో విజయనగరం కూలినప్పటి నుంచి తెల్లదొరల పాలన నడిమి కాలం దాకా, ఆ మూడు వందల ఏళ్ళలో బతికి ఆరిపోయినవి. వాటి మీద శాసనాలు లేవు, కావ్యాలు లేవు. అక్కడ బతికిన వాళ్ళు మనకు విడిచిపోయింది ఆ నేల ఒక్కటే. ఆ నేలను ఎట్లా చదవాలో నాకు తెలిసినంత ఇక్కడ రాసిపెడుతున్నాను.

1. ముందు పేరు అడుగు, తర్వాత నేల చూడు

చేనికి సర్వే నంబరు పెట్టింది సర్కారు. పేరు పెట్టింది మాత్రం రైతు. పాటి చేను, కోట చేను, సావిడి చేను, బురుజు కాడ మడి అని నోటి మాటగా పిలుస్తుంటారు. చుట్టూ నల్లరేగడి తప్ప ఇంకేమీ లేనిచోట ‘సావిడి చేను’ అని వినపడితే, ఒకప్పుడు అక్కడ పదిమంది కూర్చుని పంచాయితీ చెప్పుకున్నారన్నమాట. గోనెగండ్ల దగ్గర హంద్రి మీద కట్టిన ప్రాజెక్టు కాగితాల్లో సంజీవయ్య సాగర్. జనం నోట గాజులదిన్నె. దిన్నె అంటే మిట్ట. మిట్టకు గాజుల పేరు వినపడితే నా సైకిలు ముందుకు కదలదు. గాజు ముక్క ఉన్నచోట ఆడమనిషి సంసారం చేసింది కదా.

పాత కాగితాలు వెతికేవాళ్ళకు ఒక మాట. ఆదోని తాలూకా 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. కర్నూలు దస్త్రాలే తిరగేసి దొరకలేదని నిరాశపడకండి.

2. మట్టి గోడ పడటం చూసినవాడికే దిబ్బ అర్థమవుతుంది

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తింది. నీళ్ళు తీసిన తర్వాత నదివారన ఒక పల్లెకు పోయాను. నా దగ్గర చదువుకున్న పిల్లవాడి ఇల్లు అక్కడుండేది. మట్టి మిద్దె కూలి నడుమెత్తు కుప్పగా మిగిలింది. వాళ్ళ అవ్వ ఆ కుప్ప మీద కూర్చుని, “సార్, రోలు యాడుండాదో నాకు తెలుసు, మీది మన్ను తీస్తే సాలు” అంది. ఆమె చూపించిన చోటే తవ్వారు. రోలు, పొయ్యి, పొయ్యి పక్కన కాగు, అన్నీ పెట్టినచోటే ఉన్నాయి.

ఇరవై ఏళ్ళుగా పాటి దిబ్బలు తిరిగిన నాకు వాటి గుట్టు తెలిసింది ఆ రోజే. మన మిద్దెకు దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద కంప, ఆపైన చవుడు మన్ను. ఊరు విడిచేవాడు వాకిలి, దూలాలు పీక్కుని పోతాడు. కట్టె ఖరీదైంది, మట్టి ఎక్కడైనా దొరుకుతుంది. దూలం పోయిన గోడ నాలుగు వానలకు లోపలికి ఒరిగి, ఇంటి నేలను దుప్పటిలా కప్పేస్తుంది. అందుకే దిబ్బ అంటే చెత్తకుప్ప కాదు. కప్పిపెట్టిన ఇల్లు.

3. బావి దగ్గర మొదలుపెట్టు

పాటి మీద ఎటు చూడాలో తెలియకపోతే బావి వెతకండి. బావి గట్టు రాయి మీద చేంతాడు ఒరిసిన గాట్లు ఉంటాయి. గాట్లో వేలు పెట్టి చూడండి. వేలి మందం లోతు దిగిందంటే ఎన్ని తరాల ఆడవాళ్ళ చేతులు ఆ తాడు లాగాయో మీకే తెలుస్తుంది. కపిలె తోలిన బావి అయితే ఎద్దులు వెనక్కీ ముందుకూ నడిచిన వాలు బాట ఇంకా పల్లంగానే ఉంటుంది. అది సేద్యపు బావి. తాడు గాట్లు ఉన్నది తాగే నీళ్ళ బావి. రెండింటినీ కలిపేయకండి.

మన పడమటి సీమలో నీళ్ళు చాలకపోవడం ఒక కష్టం, ఉన్న నీళ్ళు ఉప్పుబారడం ఇంకో కష్టం. బావి చవుడెక్కితే ఊరు అరమైలు జరిగి కొత్త బావి చుట్టూ కూర్చుంటుంది. అది చావు కాదు, కదలిక. పాత పాటికీ, ఇప్పటి ఊరికీ ఒకటే పేరుంటే ముందు నీళ్ళనే అనుమానించాలి.

4. పాతరలో ముందు దీపం దించు

నల్లరేగడి నేలల్లో జొన్నలు దాచేది పాతరలో. కుండ ఆకారంలో లోతుగా తవ్వి, అడుగునా చుట్టూ సొప్ప పరిచి, గింజలు పోసి, మూతి మీద బండ పెట్టి మన్నుతో మెత్తేవాళ్ళు. ఏళ్ళ తరబడి జొన్న చెడకుండా ఉండేది. దండు వచ్చినా మీద నేల తప్ప ఏమీ కనపడదు. కరువు వస్తే ఆ చీకట్లో నుంచే అన్నం బయటికి వచ్చేది.

పాతర తెరిచిన వెంటనే మనిషి దిగకూడదు. లోపల పాడుగాలి నిలిచి ఉంటుంది. పెద్దలు మూత తీసి గాలి ఆడనిచ్చి, తాడుకు దీపం కట్టి దించేవాళ్ళు. దీపం ఆరిపోతే దిగరు. వెలుగుతుంటేనే దిగుతారు. పాడైన ఊళ్ళలో ఈ పాతరలు కంప కింద నోరు తెరుచుకుని ఉంటాయి. ఒకసారి నా ముందు నడుస్తున్న పిల్లవాడు నడుము దాకా దిగబడిపోయాడు. చెయ్యి పట్టి లాగాం, దెబ్బ తగల్లేదు. ఆ రోజు నుంచి పాటి మీదికి పోతే ముందు నేనే నడిచాను, చేతికర్రతో నేల తట్టుకుంటూ. పిల్లల్ని తీసుకుపోయే ఉపాధ్యాయులందరికీ నా మనవి ఇదే.

5. కోట రాజుల సంగతి చెబుతుంది, బురుజు రైతుల సంగతి చెబుతుంది

ఆదోని కొండ మీది కోటను అందరూ చూస్తారు. విజయనగరం తర్వాత అది బీజాపూరు చేతికి పోయింది. సిద్ది మసూద్ ఖాన్ అక్కడి నుంచే ఏలాడు, ఊళ్ళో జామా మసీదు కట్టించాడు. 1680ల చివర ఔరంగజేబు సేనకు లొంగింది. తర్వాత నిజాము తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు అయింది. 1786లో టిప్పు ముట్టడించి పట్టుకున్నాడు. 1800లో నిజాము ఈ సీమనంతా కుంపినీకి దత్తం చేశాడు. పరీక్షకు ఈ వరస చాలు.

ఆ వరసలో ఒక్కో పేరు వెనక ఒక్కో దండు ఉంది. దండు నడిచిన దారిలో ఊళ్ళున్నాయి. దండుకు మేత కావాలి, గింజ కావాలి, కట్టె కావాలి. దండు పోయిన తర్వాత పిండారీలు, పాలెగాళ్ళ మనుషులు. అందుకే మన పల్లెల్లో గుండ్రటి బురుజు కట్టుకున్నారు. దూరాన దుమ్ము లేస్తే పిల్లలు, ముసలివాళ్ళు దాని మీదికి చేరేవాళ్ళు. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఈ దత్తమండలాల కలెక్టరుగా ఉండి ఎనభై మంది దాకా పాలెగాళ్ళను అణిచాడు. ఆపైన బురుజుకు పని లేకపోయింది. దాని రాళ్ళు ఇళ్ళ పునాదుల్లోకి, గట్లలోకి పోయాయి. బురుజు మొదలు మీరు చూస్తే రాళ్ళు లెక్కపెట్టకండి. దాని మీద నిలబడి చుట్టూ చూడండి. ఎటువైపు ఎక్కువ దూరం కనపడుతుందో, ఆ ఊరికి భయం అటువైపు నుంచే.

6. పాటిమన్ను తోలే రైతు నీ శత్రువు కాదు

పాత ఊరి మట్టిలో వందల ఏళ్ళ పేడ, బూడిద, ఎముక, పెంట కలిసి ఉంటాయి. చేనికి అది ఎరువు. వేసవిలో పాటిమన్ను బండ్లకెత్తి తోలడం మన తాతల నాటి నుంచీ ఉంది. ఆ మట్టిలోని ఉప్పు కడిగి కాచి సురేకారం తీసేవాళ్ళు. అది తుపాకిమందులోకి పోయేది. పాడైన ఊరి మట్టితోనే ఇంకో ఊరిని పాడుచేసే మందు తయారయిందన్న సంగతి నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

మొదట్లో నేను రైతులతో గొడవపడేవాణ్ణి. “చరిత్రను బండికెత్తుతున్నారు” అని అరిచేవాణ్ణి. ఒక పెద్దాయన నెమ్మదిగా అన్నాడు: “అయివారూ, మా తాతల ఊరిది. వాళ్ళ మన్ను మా చేన్లో పడితే తప్పేముంది?” ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాను. అంచు నుంచి తీసుకోండి, నడిమధ్య వదలండి, రాయిగానీ గోడగానీ తగిలితే పార ఆపి కబురు చేయండి అని చెప్పేవాణ్ణి. అరిచినప్పుడు ఒక్కరూ వినలేదు. అడిగినప్పుడు చాలామంది విన్నారు.

7. రాయి కంటే అది ఉన్న చోటు విలువైనది

ఇది నా తప్పు నుంచి నేర్చుకున్న పాఠం. చాన్నాళ్ళ కిందట ఒక పాటి పక్కన వీరగల్లు దొరికింది. కత్తి పట్టిన వీరుడు, పైన సూర్యచంద్రులు. పిల్లలు రోజూ చూస్తారని ఎద్దులబండి మీద బడికి తెచ్చి జెండా దిమ్మె పక్కన నాటించాను. అది ఏ దిక్కుకు తిరిగి ఉందో, బావికి ఎంత దూరమో, దాని కింద ఏముందో రాసుకోలేదు. నాకు బదిలీ అయింది. కొన్నేళ్ళకు కొత్త గదులు కడుతూ ఆ రాయిని పునాదిలో వేశారు. ఊరిని కాపాడబోయి చచ్చినవాడి గుర్తు అది. ఆవుల మందను విడిపించబోయి ఊరి వాకిట్లో పడ్డాడా, హద్దు దగ్గర పడ్డాడా? ఆ రాయి ఉన్న చోటే దానికి జవాబు. ఆ జవాబు నేనే చెరిపేశాను.

తర్వాత నుంచి ఏదీ ఎత్తలేదు. అడుగులతో కొలుస్తాను, బొమ్మ గీస్తాను, ఫోటో తీస్తాను, అక్కడే వదిలేస్తాను. చిన్న వస్తువుకైనా అంతే. టిప్పు కాలపు ఏనుగు బొమ్మ రాగి నాణెం, 1808 అని అచ్చుపడిన కుంపినీ కాసు మన దిబ్బల మీద వానకు బయటపడుతుంటాయి. అంగట్లో పెడితే దాని ధర కొద్ది రూపాయలు. ఇంటి నేల మీద, పొయ్యి పక్కన కనపడితే, ఆ ఇంట్లో 1808 తర్వాత కూడా దీపం వెలిగిందని సాక్ష్యం.

8. గుప్తనిధి మాట ఎత్తినవాడిని ఊరి నుంచి పంపెయ్యి

పాటి మీద ఆంజనేయుడి విగ్రహాన్ని పెళ్ళగించి, బసవన్న కడుపు పగలగొట్టి, అర్ధరాత్రి తవ్విన గుంతలు ఎన్నో చూశాను. ఆ గుంతల్లో బంగారం దొరికినవాడిని ఒక్కడినీ చూడలేదు. కరువుకు ఊరు విడిచినవాడు వరహాలు పాతిపెట్టి పోతాడా? ఉంటే గింజలు కొనుక్కుని ఊళ్ళోనే ఉండేవాడు. చట్టం కూడా తెలుసుకోండి. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. తవ్వినవాడికి మిగిలేది జైలు, ఊరికి మిగిలేది గుంత.

9. దిబ్బ మీద లేనివాళ్ళను వెతుకు

ఎత్తైన చోట కనపడేవి రెడ్డి ఇల్లు, కరణం ఇల్లు, గుడి, సావిడి. రాతి పునాది ఉన్నదే నిలుస్తుంది. ఏళ్ళ తరబడి నేను అదే ఊరనుకున్నాను. ఒకరోజు నా దగ్గర చదివే అమ్మాయి అడిగింది: “సార్, మా గేరి యాడుండె?” మాలగేరి, మాదిగగేరి ఆ దిబ్బ మీద లేవు. ఊరికి దూరంగా, పల్లంలో, బోద గుడిసెల్లో ఉండేవి. అందరికంటే ముందు మడకకు దొరికిపోయింది ఆ నేలే.

ఆ అమ్మాయితో కలిసి చుట్టూ చేలు తిరిగాను. ఒక గట్టు పక్కన పలుచటి పెంకులు, అరిగిన విసుర్రాయి, విడిగా ఒక చిన్న బావి కనపడ్డాయి. వేరే బావి ఉందంటేనే కథంతా తెలిసింది. ఆ అమ్మాయి చాలాసేపు ఆ బావి గట్టు మీదే కూర్చుంది. అట్లాగే వృత్తులు వెతకండి. నేలలో నలుచదరపు గుంత ఉంటే అది మగ్గం గుంత కావచ్చు. నేతగాళ్ళు గుంతలో కాళ్ళు పెట్టుకునే నేస్తారు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ళ సహకార సంఘం పెట్టడానికి ఎంతో ముందు నుంచీ ఈ గుంతలు మన పల్లెల్లో ఉన్నాయి. నల్లటి చిట్టెం గడ్డలు ఉంటే కొలిమి. సావిడి ఎదుట గుండ్రటి గుంత ఉంటే పీర్ల పండగ అలాయి గుంత కావచ్చు. హిందువులూ ముస్లిములూ కలిసి దాని చుట్టూ ఆడే పండగ అది. గుడి చూసి ఊరిని లెక్కకట్టకండి. అందరి వాకిళ్ళూ వెతకండి.

10. ఊరు ఎందుకు పోయిందో ఒక్క మాటలో చెప్పకు

ఏ దిబ్బ దగ్గర అడిగినా “రోగమొచ్చి పోయినారు” అంటారు, లేకపోతే “కరువుకు పోయినారు”. రెండూ నిజమే కావచ్చు, రెండూ చాలవు. 1791, 92లలో వచ్చిన కరువును పుర్రెల కరువు అన్నారు, పాతిపెట్టే దిక్కులేక ఎముకలు బయట తేలినందుకు. 1876లో ధాత, ఆ వెంటనే ఈశ్వర సంవత్సరం. వరసగా వానలు పోయాయి. ఆదోనికి రైలు వచ్చి అప్పటికి అయిదారేళ్ళే. రైలుంటే కరువుండదనుకున్నారు. గింజ రైలెక్కి వచ్చింది, కొనే డబ్బు జనం దగ్గర లేదు. 1877లో సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను గింజ, ఒక అణా లెక్కకు దించాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో అయిదో వంతుకు పైగా జనం తగ్గిపోయారు.

రోగం పెద్దాచిన్నా చూడలేదు. మన్రో మద్రాసు గవర్నరుగా ఉండి, 1827 జులై 6న మన పత్తికొండలోనే కలరాతో పోయాడు. గవర్నరునే తీసుకుపోయిన కలరా గుడిసెను వదులుతుందా? 1898 తర్వాత ప్లేగు. ఊళ్ళకు ఊళ్ళు చేలల్లో గుడిసెలు వేసుకున్నాయి.

అయినా ఒకటి గుర్తుంచుకోండి. పోయిన ఊళ్ళు తిరిగి కూడా వచ్చాయి. కర్నల్ మెకంజీ మనుషులు రాయించిన కైఫీయతుల్లో, అంటే ఊరి చరిత్రల్లో, గ్రామం పాడై కొన్నేళ్ళకు కౌలు ఇచ్చి మళ్ళీ నిలిపారన్న సంగతి పదేపదే వస్తుంది. మొదటి ఏడాది పన్ను తక్కువ, తర్వాత కొద్దికొద్దిగా పెంపు. ఆ కౌలు పలికితే రైతు తిరిగి వచ్చేవాడు, పలకకపోతే రాడు. కరువు ఊరిని ఖాళీ చేస్తుంది. తిరిగి రావడానికి దారి లేకపోతేనే అది పాటి అవుతుంది.

ఇంగ్లండులో వారమ్ పెర్సీ అనే పాడుపడిన పల్లె ఉంది. మారిస్ బెరెస్‌ఫోర్డ్, జాన్ హర్స్ట్ అనే ఇద్దరు 1950 నుంచి 1990 దాకా ప్రతి వేసవీ ఆ ఒక్క ఊరినే తవ్వి చదివారు. అలాంటి ఊళ్ళన్నీ పెద్ద ప్లేగు తుడిచేసినవే అని అక్కడి జనం అనుకునేవాళ్ళు. తీరా చూస్తే, ఆ ఊళ్ళో చివరి కుటుంబాలను గొర్రెల మేత కోసం భూస్వామి వెళ్ళగొట్టాడు. ఒక్క ఊరికి నలభై వేసవులు పట్టింది. మన ఊళ్ళకు మనం ఒక్క ఆదివారమైనా ఇద్దాం.

11. నీ ఊళ్ళో ఎన్ని తాళాలున్నాయో లెక్కపెట్టు

పాటి దిబ్బలు తిరిగి తిరిగి చివరికి నేను చేరుకున్నది బతికున్న ఊళ్ళకే. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల్లో పంట కాలం అయిపోతే జనం సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. గుంటూరు మిరప చేలకు, బెంగుళూరు కట్టడాలకు, హైదరాబాదుకు. లారీ ఎక్కేటప్పుడు పిల్లల్ని కూడా ఎక్కిస్తారు. నా క్లాసులో సంక్రాంతి తర్వాత సగం బెంచీలు ఖాళీ. హాజరు పట్టీలో రాలేదని రాస్తూ పోయేవాణ్ణి. ఎన్నో ఏళ్ళకు తెలిసింది, నేను రాస్తున్నది హాజరు పట్టీ కాదు, బేచిరాకు లెక్క అని.

ఊరు ఒక్క రాత్రిలో ఆరిపోదు. మొదట ఒక ఇంటికి తాళం, తర్వాత వరసకు తాళం. బావి పూడిక తీసేవాళ్ళు ఉండరు. మిద్దె మీద చవుడు కొత్తగా వేసేవాళ్ళు ఉండరు. చివరికి గుడి పూజారి కూడా పక్క ఊరి నుంచి వస్తాడు. నేను చూసిన ప్రతి దిబ్బా ఈ దారినే వచ్చి ఉంటుంది. తేడా ఒక్కటే. వాళ్ళు పోయేటప్పుడు ఎవరూ రాసిపెట్టలేదు.

అందుకే ఇప్పుడు నేను పాటి దిబ్బలతో పాటు మా ఊరిని కూడా రాస్తున్నాను. ఒక నోటు పుస్తకం. ఏ వీధిలో ఎవరి ఇల్లు, ఏ బావి నీళ్ళు తియ్యన, ఏ పాతర ఎవరిది, పీర్ల సావిడికి ఎవరు సున్నం వేస్తారు, ఏ గేరి నుంచి ఎవరు ఎక్కడికి సుగ్గికి పోయారు, ఎప్పుడు తిరిగొచ్చారు. మీ ఊళ్ళో కూడా ఎవరైనా ఇది మొదలుపెట్టండి. బడి పిల్లలకు ఇస్తే ఇంకా మంచిది. వాళ్ళు అవ్వనూ తాతనూ అడిగి రాసుకొస్తారు.

పోయిన చలికాలంలో మా ఎదురింటి వాళ్ళు గుంటూరు పోతూ తాళంచెవి నా చేతిలో పెట్టారు. “సార్, సాయంత్రం వాకిట్లో ఒక దీపం పెట్టండి” అని మాత్రం అడిగారు. మూడు నెలలు పెట్టాను. ఉగాదికి తిరిగి వచ్చారు. ఆ మూడు నెలలూ మా వీధి బేచిరాకు కాలేదు.